ఉప్పు ఋణం: పెషావరులో గఢ్‌వాలీ సైనికులు

సైనికుడు ఆజ్ఞను ధిక్కరించవచ్చునా? ఈ ప్రశ్నకు మన లోకోక్తులలో సిద్ధమైన సమాధానం ఒకటి ఎప్పటినుండో ఉన్నది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం తలపెట్టరాదు. ఒకణ్ణి తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడన్నామంటే, ఇక వాడికి ఊళ్లో నిలువనీడ లేనట్టే. ఉత్తరాదివారు ఇదే భావాన్ని ‘నమక్ హలాల్’, ‘నమక్ హరామ్’ అనే రెండు మాటలలో ఇమిడ్చారు. కుంఫిణీ దొరతనం మొదలు రెండవ ప్రపంచయుద్ధం దాకా ఇంగ్లీషువారి దేశీయ సైన్యం తుపాకులమీద ఎంతగా నిలబడిందో, ఈ రెండు మాటలమీద కూడా అంతగానే నిలబడింది.

గాంధీగారు 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో పిడికెడు ఉప్పు తీసి శాసనం ఉల్లంఘించారు. ఆ తరువాత పదిహేడు రోజులకు, వాయవ్య సరిహద్దున పెషావరు నగరంలో, సర్కారు ఉప్పు తిన్న సైనికులు కొందరు నిరాయుధులమీద తుపాకి పేల్చబోమన్నారు. పాఠ్యపుస్తకాలలో ఇది ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ వాక్యం వెనుక ఉన్న ధర్మసందేహం మాత్రం అంత తేలికగా ముగిసేది కాదు. వారు చేసినది ఒప్పా, తప్పా అన్న విషయంలో వారిని శిక్షించిన ప్రభుత్వానికి సందేహం లేదు. విచిత్రమేమంటే, వారు ఎవరి ఉద్యమానికి అండగా నిలిచారో ఆ ఉద్యమనాయకుడు కూడా వారి పనిని ఒప్పుకోలేదు. అందుకే దీనిని కొంచెం విపులంగా చెప్పుకోవాలనిపించింది. టపా నిడివి పెరిగింది, సహృదయులు ఓపిక పట్టగలరు.

గఢ్‌వాలు హిమాలయపు ఒడిలోని పేదసీమ. కొండవాలులో మెట్లు మెట్లుగా చెక్కుకొన్న చిన్న చిన్న పొలాలు ఏడాది పొడుగునా ఒక సంసారాన్ని సాకలేవు. పటాలంలో చేరిన కొడుకు పంపే జీతమూ, ముసలితనంలో వచ్చే పింఛనూ అక్కడి ఇళ్లకు ఆధారం. లాన్స్‌డౌన్ స్థావరంగా ఉన్న గఢ్‌వాల్ రైఫిల్స్ పటాలానికి మొదటి ప్రపంచయుద్ధంలో గొప్ప పేరు వచ్చింది. 1914లో దర్వాన్‌సింగ్ నేగీ, 1915లో గబ్బర్‌సింగ్ నేగీ ఫ్రాన్సు రణభూమిలో విక్టోరియా క్రాస్ పొందారు. రెండవ ఆయనకు అది మరణానంతరం దక్కిన గౌరవం. యుద్ధం ముగిసిన తరువాత 1921లో ఆ పటాలం పేరుకు ముందు ‘రాయల్’ అనే బిరుదు చేర్చారు. స్వామిభక్తికి మారుపేరుగా సర్కారు ఎంచుకొన్న పటాలాలలో అది ఒకటి.

ఆ పటాలంలో చంద్రసింగ్ అనే హవల్దారు ఉండేవాడు. 1891లో పుట్టాడు. 1914లో సైన్యంలో చేరి ఫ్రాన్సులోనూ, మెసపొటేమియాలోనూ యుద్ధం చేశాడు. యుద్ధానంతరం సైన్యాన్ని తగ్గించినప్పుడు పై హోదాలకు ఎక్కినవారు మళ్లీ కిందికి దిగవలసి వచ్చింది. ఆ అనుభవం ఆయనకూ తప్పలేదు. తరువాత ఆర్యసమాజం వారి పరిచయం కలిగింది, పత్రికలు చదవడం అలవాటైంది, దేశంలో ఏమి జరుగుతున్నదో తెలిసివచ్చింది. కాబట్టి పెషావరు నాటికి ఆయన వయస్సు నలభైకి దగ్గర. గుండ్లవాన చూసినవాడు, కొలువు విలువా ఆకలి విలువా రెండూ ఎరిగినవాడు. ఉడుకురక్తంతో తొందరపడ్డాడని ఆయననెవరూ అనలేరు.

ఇక పెషావరు సంగతి. సరిహద్దు పఠానులను, పగకు పగ తీర్చుకోవడమే కులధర్మమని నమ్మినవారిని, అబ్దుల్ గఫార్ ఖాన్ అహింసావ్రతంలోకి మళ్లించాడు. ఆయన 1929లో స్థాపించిన ‘ఖుదాయీ ఖిద్మత్‌గార్’ సంస్థ పేరుకు దైవసేవకులని అర్థం. ఎరుపు చొక్కాలు తొడుక్కొని, చేతిలో ఆయుధం పట్టబోమని ప్రమాణం చేసి వారు పనిచేసేవారు. 1930 ఏప్రిల్ 23న ప్రభుత్వం గఫార్ ఖాన్‌నూ, పెషావరు కాంగ్రెసు నాయకులనూ నిర్బంధించింది. వార్త పొక్కగానే జనం కిస్సాఖానీ బజారులో గుమిగూడారు. కిస్సాఖానీ అంటే కథలు చెప్పుకొనే చోటు. దూరదేశాల బేహారులు ఒకప్పుడు అక్కడ విడిదిచేసి కబుర్లు చెప్పుకొనేవారట. ఆనాడు ఆ వీధిలోకి సాయుధశకటాలు దూసుకొనివచ్చాయి. కొందరు వాటి కిందపడి చనిపోయారు. మోటారుసైకిలు మీద వస్తున్న ఒక సైనిక వార్తాహరుడు హతుడయ్యాడు, ఒక శకటం తగలబడింది. ఆపైన కాల్పులు మొదలై, విడతలు విడతలుగా సాగాయి. మృతులు ముప్ఫైమంది అని ప్రభుత్వం అన్నది. కాంగ్రెసు పక్షాన విఠల్‌భాయి పటేల్ అధ్యక్షతన విచారణ జరిపినవారు దానికి ఎన్నో రెట్లు చెప్పారు. ఆ నివేదికను ప్రభుత్వం నిషేధించింది.

గఢ్‌వాలీలను అక్కడికి పంపడంలో ఒక లెక్క ఉన్నది. నగరంలో అధిక సంఖ్యాకులు మహమ్మదీయులు, సైనికులు హిందువులు. ఒక మతం వారిమీదికి మరొక మతం వారిని పంపితే చేయి వణకదని పాలకుల అంచనా. ముస్లిములు హిందువులను హింసిస్తున్నారనీ, వారిని కాపాడటానికే మనం వెళ్తున్నామనీ అధికారులు తమకు నూరిపోశారని చంద్రసింగ్ తరువాతి రోజులలో చెప్పుకొన్నాడు. అది నిజం కాదనీ, ఇది సర్కారుకూ దేశానికీ జరుగుతున్న పోరాటమనీ తాను రహస్యంగా తోటివారికి చెప్పినట్టు కూడా ఆయనే చెప్పాడు.

ఆయన వృత్తాంతం ప్రకారం, కిస్సాఖానీలో ఆంగ్లాధికారి కాల్చమని ఆజ్ఞ ఇచ్చిన క్షణంలోనే ఈయన ఆపమని గఢ్‌వాలీలకు కేకవేశాడు. తుపాకులు కిందికి దిగాయి. ఆ తరువాత కాల్పులు జరిపినవి బ్రిటిషు దళాలు. మరునాడు మళ్లీ నగరంలోకి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. రెండు ప్లటూన్లవారు కదలలేదు. తమను కొలువునుండి విడుదల చేయమని కాగితం రాసి ఇచ్చారు. ప్రభుత్వ పత్రాలు ముఖ్యంగా పేర్కొనేది ఈ రెండవనాటి నిరాకరణనే. వార్త ఎంత కలవరం కలిగించిందంటే, సైన్యాన్ని నగరంనుండి ఉపసంహరించుకొన్నారు. మే 4వ తేదీన తిరిగి స్వాధీనం చేసుకొనేదాకా పెషావరు దాదాపు పదిరోజులు ప్రజల చేతిలోనే ఉన్నది.

గఢ్‌వాలీల ఆయుధాలు లాక్కొని, అబ్బోటాబాదు వద్ద సైనిక న్యాయస్థానంలో విచారించారు. వారి పక్షాన వాదించినవాడు గఢ్‌వాలుకే చెందిన బారిస్టరు ముకుందీలాల్. ఉరిశిక్షలు పడతాయని అందరూ భయపడ్డారు. పదిహేడు మందికి శిక్షలు పడ్డాయి. చంద్రసింగ్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం, మరొకరికి పదిహేనేళ్ల కఠినశిక్ష, తక్కిన పదిహేను మందికి మూడేళ్లనుండి పదేళ్ల దాకా.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సిపాయిలు తిరగబడటం ఈ దేశంలో అదే మొదలు కాదు. 1780లో విశాఖపట్టణంలో కుంఫిణీ సిపాయిలను హైదరాలీ మీది యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు పొమ్మంటే తిరగబడ్డారు. 1806లో రాయవేలూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు కొత్త తలపాగా విషయంలోనూ, నొసటి బొట్టూ గడ్డమూ తీసివేయమన్న ఆజ్ఞ విషయంలోనూ తిరగబడ్డారు. 1824లో బారక్‌పూరు సిపాయిలు బర్మా యుద్ధానికి కదలము అన్నారు. 1857 నాటి తూటాల కథ అందరికీ తెలిసినదే. ఇవన్నీ న్యాయమైన కష్టాలే కావచ్చును. కాని వాటిలో రగిలిన నిప్పు తమ కులాచారానికీ, తమ మతానికీ, తమ శరీరకష్టానికీ సంబంధించినది. పెషావరులో ఆజ్ఞవల్ల గఢ్‌వాలీల ఆచారానికి వచ్చిన లోపమేమీ లేదు, జీతానికి వచ్చిన కోత లేదు. చావబోయేవాడు పరభాష మాట్లాడే పరమతస్థుడు. వాడికోసం వీరు తమ కొలువునూ, పింఛనునూ, ప్రాణాన్నీ పణంగా పెట్టారు. ఒక్క అధికారిమీద చేయి ఎత్తలేదు. పారిపోలేదు. నిలబడి, సంకెళ్లకు చేతులు చాచారు.

ముప్ఫై ఏళ్లకు పైగా బడిపిల్లలకు భారతం చెప్పినవాణ్ణి గనుక, ఈ కథ తలచుకొన్నప్పుడు కౌరవసేన కళ్లముందు మెదులుతుంది. ధర్మం పాండవుల పక్షాన ఉన్నదని భీష్ముడికి తెలుసు. అయినా మనిషి అర్థానికి దాసుడనీ, కౌరవుల అర్థం తనను కట్టివేసిందనీ ధర్మరాజుతో చెప్పి, వారి పక్షానే విల్లు పట్టాడు. వికర్ణుడు నిండుసభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన ధీరుడు. కాని యుద్ధం వచ్చేసరికి అన్నల వెంటే నడిచి, భీముడి చేతిలో హతుడయ్యాడు. యుయుత్సుడొక్కడు, రెండు సేనలూ మోహరించిన వేళ, ధర్మరాజు పిలుపు విని అటునుండి ఇటు వచ్చాడు. తెలిసీ కట్టుబడినవాడు ఒకడు, చెప్పీ కట్టుబడినవాడు ఒకడు, కట్టు తెంచుకొని వచ్చినవాడు ఒకడు. మన సంప్రదాయంలో ఈ ముగ్గురికీ స్థానం ఉన్నది. చంద్రసింగ్ ఈ ముగ్గురిలో ఎవడూ కాడు. ఆయన బాణం వేయలేదు, పక్షమూ మారలేదు. ఉన్నచోటనే విల్లు దించి, ఆ తప్పుకు శిక్ష ఏదో వేయమన్నాడు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. 1931 మార్చి 5న గాంధీగారికీ, వైస్రాయి ఇర్విన్ ప్రభువుకూ ఒడంబడిక కుదిరింది. హింసకు పాల్పడని సత్యాగ్రహ ఖైదీలను విడిచిపెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకొన్నది. కాని ఆజ్ఞాధిక్కార నేరానికి శిక్షపడిన సైనికులకూ, పోలీసులకూ ఈ క్షమాభిక్ష వర్తించదని అందులోనే స్పష్టంగా రాసుకొన్నారు. ఒక్క దెబ్బయినా కొట్టని గఢ్‌వాలీలు చెరలోనే ఉండిపోయారు. ఆ ఏడాదే లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు ఒక ఫ్రెంచి విలేఖరి గాంధీగారిని ఈ విషయం సూటిగా అడిగాడు. ఆయన ఇచ్చిన సమాధానపు సారాంశం ఇది: కాల్చమన్న ఆజ్ఞను మీరిన సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని భంగపరచి నేరం చేసినవాడవుతాడు. రేపు మా చేతికి అధికారం వస్తే ఈ సైనికులతోనే మేము పని చేయించుకోవాలి. ఈనాడు వారికి ధిక్కారం నేర్పితే, ఆనాడు మాకూ అదే ఎదురవుతుందన్న భయం నాకున్నది.

ఈ మాటలు చదివి గాంధీగారిని నిందించినవారు చాలామంది ఉన్నారు. నేను ఆ పని చేయబోను. ఆయన వాదంలో బలమున్నది. చేతిలో ఆయుధమున్నవాడు ఏ ఆజ్ఞ పాటించాలో, ఏది మానాలో తనకు తానే తేల్చుకోవడం మొదలుపెడితే నష్టపోయేది ముందుగా ఆయుధం లేనివాడే. అల్లరిమూక ఒక వాడమీద పడినప్పుడు, ‘వీరిని కాపాడటం నా అంతరాత్మకు సమ్మతం కాదు’ అని సిపాయి కూర్చుంటే ఆ వాడ గతి ఏమి? అంతరాత్మ పేరుతో ద్వేషం కూడా మాట్లాడగలదు. పైగా గాంధీగారి దృష్టిలో ప్రమాణం చిన్న వస్తువు కాదు. యుద్ధం పాపమని తోచినవాడు సైన్యంలో చేరనే కూడదు, చేరినవాడు ముందే బయటికి రావాలి, లోపల ఉండి మాట తప్పరాదు. ఇది ఆయన జీవితమంతా పాటించిన నియమానికి అనుగుణంగానే ఉన్నది.

అయినా నాకు తృప్తి కలగదు. కారణం చెబుతాను. జీతం తీసుకొన్ననాడు సైనికుడు అమ్ముకొనేది తన సుఖాన్ని, అవసరమైతే తన ప్రాణాన్ని. ఎదుటివాడి ప్రాణం అతడిది కాదు, అమ్మడానికి అతడికి హక్కు లేదు. శత్రువుతో యుద్ధంలో చంపడానికి ధర్మశాస్త్రాలు ఒప్పుకొన్నాయంటే, అక్కడ ఎదుటివాడి చేతిలోనూ ఆయుధమున్నది గనుక ఒప్పుకొన్నాయి. ఆయుధం లేనివాణ్ణి కొట్టరాదన్నది మన ప్రాచీనుల యుద్ధనీతిలో మొదటి పాఠం. కాబట్టి ఉప్పు ఋణం తీర్చడానికి సైనికుడు తన తల ఇవ్వవచ్చును, పరుల తల ఇవ్వలేడు. చంద్రసింగ్ చేసింది అక్షరాలా అదే. తన తల ఇవ్వడానికి సిద్ధపడ్డాడు.

అంతరాత్మ పేరుతో ద్వేషం మాట్లాడగలదన్న ఆక్షేపణకు కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ధిక్కారాన్ని తూచడానికి తక్కెడ ఉన్నది. ధిక్కరించడంవల్ల ఎవడి ప్రాణం నిలిచింది, ఎవడికి కష్టం వచ్చింది? ప్రాణం పరులది నిలిచి, కష్టం తనకు వస్తే ఒక రకం. కష్టం నిస్సహాయుడికి వచ్చి, సుఖం తనకు దక్కితే మరొక రకం. అల్లరిమూకకు ఎదురు నిలవనన్న సిపాయి రెండవ రకంవాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పెషావరుకు పదకొండేళ్ల ముందు, 1919 ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగులో ఏభైమంది సిపాయిలు డయ్యరు ఆజ్ఞకు లోబడి 1650 తూటాలు పేల్చారు. మృతులు 379 మంది అని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. ఆ సిపాయిలూ మనవారే. వారు ప్రమాణభంగం చేయలేదు. వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు, వారిని ఎవరూ ఏమీ అడగనూ లేదు. తప్పంతా డయ్యరుదే అన్నాము. మరి ఆనాడు ఒక్క చంద్రసింగ్ అక్కడ ఉండి ఆపమని కేకవేసి ఉంటే? ఆ ప్రశ్న పక్కన పెట్టి చూసినప్పుడు ప్రమాణం మాట కొంచెం పలచబడుతుంది.

కాలం తరువాత వింతగా తిరిగింది. 1945 నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ ఆరంభమయింది. చక్రవర్తికి చేసిన ప్రమాణం తప్పారన్నది ఆరోపణలోని సారం. ఈసారి కాంగ్రెసు వారి పక్షాన నిలబడింది. భూలాభాయి దేశాయి వాదించాడు, నెహ్రూ చాలాకాలం తరువాత బారిస్టరు గౌను తొడిగాడు. ద్వీపాంతరవాస శిక్ష పడినా, సర్వసేనాని ఆకిన్‌లెక్ 1946 జనవరిలో దాన్ని రద్దుచేయక తప్పలేదు. సరిగా అదే 1945 నవంబరులో జర్మనీలో నూరెంబర్గు విచారణ కూడా మొదలయింది. పై అధికారి ఆజ్ఞ అన్న కారణంచేత నేరంనుండి విముక్తి లేదనీ, మహా అయితే శిక్ష తగ్గించవచ్చుననీ ఆ న్యాయస్థానపు నియమావళి చెప్పింది. అంటే ఒకే ప్రభుత్వం ఒకే నెలలో, ఒకచోట ఆజ్ఞ పాటించినందుకు జర్మనులను విచారించే న్యాయపీఠంలో భాగస్వామి; మరొకచోట ఆజ్ఞ మీరినందుకు భారతీయులను విచారిస్తున్నది. ఉప్పు సిద్ధాంతం ఓడినవాడికి ఒకటి, ఏలినవాడికి ఒకటి కాజాలదని లోకానికి అప్పుడు కొంత తెలిసివచ్చింది.

మన శాసనం ఏమంటున్నది? 1860 నాటి శిక్షాస్మృతి 76వ సెక్షనులో, శాసనం బద్ధుణ్ణి చేసినందువల్ల మనిషి చేసే పని నేరం కాదని చెబుతూ, మొట్టమొదటి ఉదాహరణగా గుంపుమీద తుపాకి పేల్చిన సైనికుణ్ణే చూపారు. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 14వ సెక్షనులోనూ ఆ ఉదాహరణ అలాగే ఉన్నది. కాని అందులో ఒక కట్టుబాటు ఉన్నది. ఆ పేల్చడం శాసనం ఆజ్ఞలకు అనుగుణంగా ఉండాలి. 1950 నాటి సైనిక చట్టం 41వ సెక్షను కూడా ధిక్కారాన్ని నేరమంటూ, శాసనసమ్మతమైన ఆజ్ఞను ధిక్కరించడమే నేరమన్నది. ‘శాసనసమ్మతమైన’ అనే ఆ ఒక్క విశేషణం వ్యాకరణం చెప్పుకొనేవాడికి చిన్నదే. తుపాకి ఎక్కుపెట్టినవాడికి అది కొండంత. ఆజ్ఞ ఆ విశేషణానికి తగినదా కాదా అన్నది ఒక క్షణంలో, పక్కన అధికారి నిలబడి ఉండగా, వాడే తేల్చుకోవాలి. పొరబడితే శిక్ష వాడికే. అంతరాత్మ అవసరం తీరిపోయే విధంగా ఏ శాసనమూ రాయలేము. సైనికుడికి ఎంత కవాతు నేర్పినా ఈ పని మాత్రం వాడికి మిగిలే ఉంటుంది.

చంద్రసింగ్ పదకొండేళ్లు చెరలో గడిపి 1941లో విడుదలయ్యాడు. 1942 ఉద్యమంలో మళ్లీ జైలుకు వెళ్లాడు. తరువాత కమ్యూనిస్టు అయ్యాడు. రాహుల్ సాంకృత్యాయన్ ఆయన జీవితచరిత్ర హిందీలో రాశాడు. 1979 అక్టోబరు 1న ఆయన కన్నుమూశాడు. 1994లో తపాలాశాఖ ఆయన బొమ్మతో ఒక బిళ్ల వెలువరించింది. ఆయనతోపాటు శిక్షపడిన తక్కిన పదహారు మందికి అంతమాత్రపు గుర్తింపు కూడా లేదు. వారు తమ కొండపల్లెలకు తిరిగి పోయి, పింఛను లేని ముసలితనం గడిపి ఉంటారు. కిస్సాఖానీలో ఆనాడు వారి తుపాకులకు ఎదురుగా నిలిచి, సాయంత్రానికి ఇల్లు చేరినవారెవరో వారికీ తెలియదు, మనకూ తెలియదు.

గాంధీగారి వాదమే సరైనదని తోచినవారు, నా సమాధానంలో లోపం కనబడినవారు సంకోచించక రాయండి. ఇది ఒకరు చెప్పి ముగించదగిన విషయం కాదు.